27 పాయింట్లు చాలనప్పుడు: బలమైన హీరోల క్యాంపెయిన్ కోసం పాయింట్ బై ఎలా మార్చాలి

"మా క్యాంపెయిన్‌లో హీరోలు కాస్త గట్టిగా ఉండాలి. పాయింట్ బైలో 27 బదులు ఎన్ని ఇవ్వమంటారు?" బెంగళూరులో డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు పోషిస్తూ ఆడే ఆట) ఆడే మన తెలుగువాళ్లలో కొత్తగా డీఎమ్ (ఆట నడిపేవాడు) కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. పాయింట్ బై అంటే క్యారెక్టర్‌కి ఉండే ఆరు స్కోర్లను పాచికలతో కాకుండా, ఇచ్చిన పాయింట్లతో కొనుక్కోవడం. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

అంకె ఒక్కటే కావాలంటే 36. చాలా టేబుళ్లకు అది సరిపోతుంది. కానీ అంకె మార్చి వదిలేస్తే మీరు కోరుకున్న చోట బలం రాదు, అక్కర్లేని చోట వస్తుంది. ఒక్కో స్కోర్ ఎంతవరకు వెళ్లొచ్చు అనే పైహద్దు, ఎంతకు తగ్గకూడదు అనే కిందిహద్దు కూడా మీరే పెట్టాలి. అసలు పనంతా ఆ రెండు హద్దుల దగ్గరే ఉంది.

ఇక్కడ చెప్పేది 5వ ఎడిషన్ గురించి. 2014 రూల్స్‌తో ఆడినా, 2024లో సవరించిన రూల్స్‌తో ఆడినా పనికొస్తుంది. పాత్‌ఫైండర్, గర్ప్స్ ఆడేవాళ్లకు చివర్లో విడిగా రాశాను.

పాయింట్లు పెంచమని అడగడాన్ని కొందరు పాత ఆటగాళ్లు చిన్నచూపు చూస్తారు. నాకు అందులో తప్పేమీ కనిపించదు. మారతహళ్లిలోనో బెళ్లందూరులోనో ఐదుగురితో మొదలైన టేబుల్ సంక్రాంతికి, దసరాకి ముగ్గురికి పడిపోతుంది. మిగతా ఇద్దరూ శుక్రవారం రాత్రే విజయవాడ బస్సో, కర్నూలు బస్సో ఎక్కేస్తారు. ఐదుగురి కోసం రాసుకున్న ఫైట్‌లోకి ముగ్గురు లెవెల్ 1 వాళ్లు దిగితే, డీఎమ్‌కి వరుసగా రెండు మంచి రోల్స్ పడ్డాయంటే పార్టీ మొత్తం పోవచ్చు. ఇలాంటి టేబుల్‌కి గట్టి క్యారెక్టర్లు అవసరమే.

కావలసినవి

- ఆటగాళ్లు ఏ క్లాస్ (విజర్డ్, పాలడిన్, రోగ్ లాంటి వృత్తి) ఆడాలనుకుంటున్నారో ముందే తెలుసుకున్న లిస్ట్. ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- ఖాళీ క్యారెక్టర్ షీట్లు మూడు, పెన్సిల్, రబ్బర్.
- మాన్‌స్టర్ల లెక్కలు. పుస్తకం కొనకపోయినా ఫర్వాలేదు. ఎస్‌ఆర్‌డీ 5.1ని (ఆట ప్రాథమిక రూల్స్ పత్రం) 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా విడుదల చేశారు. కింద నేను వాడిన ఓగర్ అనే రాక్షసుడు అందులో ఉన్నాడు.
- ఒక సెట్ పాచికలు.
- మీకు ఒంటరిగా ఓ రెండు గంటలు. టేబుల్ మీద అందరి ముందు ఈ లెక్కలు వేయకండి, బేరాలు మొదలవుతాయి.

1. బలం అంటే మీ టేబుల్‌కి ఏమిటో తేల్చుకోండి

"పవర్‌ఫుల్‌గా ఉండాలి" అనే మాట వెనక మూడు వేర్వేరు కోరికలు ఉంటాయి. మందు కూడా ఒక్కోదానికి ఒకటి.

త్వరగా చచ్చిపోకూడదు అన్నది మొదటిది. దీనికి పాయింట్లతో పెద్దగా పని లేదు. లెవెల్ 3 నుంచి మొదలుపెట్టండి, హిట్ పాయింట్లు (దెబ్బలు తట్టుకునే ప్రాణబలం) వాటంతట అవే పెరుగుతాయి. మీ ఆటగాళ్లు అడుగుతున్నది ఇదొక్కటే అయితే 27 దగ్గరే ఆగిపోండి, ఈ గైడ్‌లో మిగతాది మీకు అక్కర్లేదు.

రెండోది, కొడితే తగలాలి, మంత్రం వేస్తే పని చేయాలి అన్నది. ఇది పైహద్దుకి సంబంధించిన విషయం.

మూడోది, ఒకే మనిషి కత్తీ తిప్పాలి, మాటలతోనూ గెలవాలి, గుర్రమూ ఎక్కాలి అన్నది. మన జానపద కథల్లో రాకుమారుడిలా అన్నమాట. ఇక్కడే ఎక్కువ పాయింట్లు నిజంగా పనికొస్తాయి.

గ్రూప్‌లో ఇలా అడగండి: "మీ పాత క్యారెక్టర్‌తో ఆడుతున్నప్పుడు ఎక్కడ చేతులు కట్టేసినట్టు అనిపించింది?" ఏ స్కోర్ ఎంత కావాలని అడిగితే అందరూ 20 అంటారు. ఇలా అడిగితే, "పాలడిన్‌ని అయ్యుండి కూడా రాజుగారి దగ్గర నోరెత్తలేకపోయాను అన్నా" లాంటి జవాబు వస్తుంది. మీకు కావలసింది అలాంటి జవాబే.

2. పాత ధరల పట్టిక కాగితం మీద రాసుకోండి

ఒక్కో స్కోర్‌కి అయ్యే పాయింట్లు ఇవి:

8 – 0
9 – 1
10 – 2
11 – 3
12 – 4
13 – 5
14 – 7
15 – 9

13 దాటాక ఒక్కో మెట్టుకి రెండు పాయింట్లు. ఈ ధరలను కదిలించకండి. 14, 15 ధర తగ్గించి 27 అలాగే ఉంచుదామని కొందరికి అనిపిస్తుంది. అలా చేస్తే ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్లు ఏవీ మీ లెక్కకి కుదరవు, ప్రతి షీటూ చేత్తో చూడాల్సి వస్తుంది. మొత్తాన్ని పెంచడమే తేలిక.

16 ధర పుస్తకంలో లేదు, ఎందుకంటే పాయింట్ బైలో 15తోనే ఆపేశారు. 16 ఇవ్వాలనుకుంటే 12 పాయింట్లు పెట్టండి. ఇది హౌస్ రూల్ (మన టేబుల్ సొంత రూల్) అని అందరికీ చెప్పండి. 17, 18కి ధర పెట్టవద్దు. ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.

3. మొత్తం ఎంతో నిర్ణయించండి

27: పుస్తకంలోది. 15, 14, 13, 12, 10, 8 అనే స్టాండర్డ్ అరే సరిగ్గా ఇంతే అవుతుంది.

32: 15, 14, 14, 13, 12, 8 వస్తుంది. చాలామంది ఇదే బలమైన క్యాంపెయిన్ అనుకుంటారు, కానీ కాదు. నాలుగు డీ6 (ఆరు ముఖాల పాచికలు) వేసి చిన్నది తీసేసే పద్ధతిలో సగటున వచ్చేది 16, 14, 13, 12, 10, 9కి దగ్గరగా ఉంటుంది. 16 ధర 12 అనుకుంటే దాని విలువ 31. అంటే 32 ఇవ్వడమంటే పాచికలు వేసుకోమన్నంత మాత్రమే. పాచికలంటే ఇష్టం ఉన్నా, ఒకరికి 18 పడి పక్కవాడికి 11 పడితే వచ్చే మనస్తాపం వద్దనుకునే టేబుల్‌కి మాత్రం 32 చాలా బాగుంటుంది.

36: 15, 15, 14, 13, 12, 10. ఇక్కడ తేడా కంటికి కనిపిస్తుంది. ఏ స్కోర్ వల్లా రోల్స్‌లో మైనస్ పడదు.

40: 16, 15, 14, 13, 12, 11. చేతకాని పని అంటూ ఏదీ ఉండదు. ముగ్గురే ఆడే టేబుల్‌కి సరే. ఐదుగురికి ఇది ఇస్తే మాత్రం అందరూ అన్నీ చేసేస్తుంటారు, ఎవరి అవసరమూ ఎవరికీ ఉండదు. రోగ్ తాళం తీసేలోపు విజర్డే తీసేస్తే రోగ్ ఆడేవాడు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.

అందుకే నలుగురైదుగురికి 36, ముగ్గురికి 40.

4. పైహద్దు పెట్టండి

మొత్తం గైడ్‌లో కాస్త నిదానంగా చదవాల్సింది ఇదే.

ఒక విజర్డ్‌ని తీసుకోండి. 27 పాయింట్లతో ఇంటెలిజెన్స్ 15, డెక్స్టెరిటీ 14, కాన్‌స్టిట్యూషన్ 14, విజ్డమ్ 12, మిగతా రెండూ 8. రేస్ వల్ల గానీ, 2024 రూల్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ వల్ల గానీ వచ్చే ప్లస్ 2 ఇంటెలిజెన్స్‌కి వేస్తే 17. మాడిఫయర్ (స్కోర్‌ని బట్టి రోల్‌కి కలిసే అంకె) ప్లస్ 3. మంత్రాన్ని తప్పించుకోవడానికి శత్రువు రోల్ అందుకోవాల్సిన అంకె: 8, ప్రొఫిషియెన్సీ (లెవెల్‌ని బట్టి వచ్చే బోనస్) 2, మాడిఫయర్ 3 కలిపి 13.

ఇప్పుడు అదే విజర్డ్‌కి 36 ఇవ్వండి, పైహద్దు మాత్రం 15 దగ్గరే ఉంచండి. ఇంటెలిజెన్స్ మళ్లీ 15, ప్లస్ 2తో 17. అంకె మళ్లీ 13. తొమ్మిది పాయింట్లు ఎక్కువ ఇచ్చినా మంత్రబలం వెంట్రుకంత కూడా పెరగలేదు. విజ్డమ్, స్ట్రెంగ్త్, కరిజ్మా కాస్త బాగుపడ్డాయి, అంతే.

పాలడిన్ సంగతి వేరు. అతనికి స్ట్రెంగ్త్, కరిజ్మా, కాన్‌స్టిట్యూషన్ మూడూ కావాలి. 27తో స్ట్రెంగ్త్ 15, కరిజ్మా 14, కాన్‌స్టిట్యూషన్ 14, విజ్డమ్ 12, మిగతా రెండూ 8. ప్లస్ 2 స్ట్రెంగ్త్‌కి, ప్లస్ 1 కరిజ్మాకి వేస్తే 17, 15. కరిజ్మా మాడిఫయర్ ప్లస్ 2 మాత్రమే. 36తో కరిజ్మాని 15 చేయొచ్చు, ప్లస్ 1 పడ్డాక 16, మాడిఫయర్ ప్లస్ 3. లెవెల్ 6లో వచ్చే ఆరా ఈ మాడిఫయర్‌నే పక్కనున్న మిత్రుల సేవింగ్ త్రోలకు (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే రోల్స్) కూడా కలుపుతుంది, కాబట్టి లాభం పార్టీ అంతటికీ. మాంక్‌కి కూడా డెక్స్టెరిటీ, విజ్డమ్, కాన్‌స్టిట్యూషన్ మూడూ కావాలి, కాబట్టి అతనికీ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి పైహద్దు 15 దగ్గరే ఉంచి పాయింట్లు మాత్రం పెంచితే, మూడు స్కోర్లు కావలసిన పాలడిన్, మాంక్, రేంజర్ లాంటివాళ్లు బాగుపడతారు, ఒక్క స్కోర్‌తో బతికే విజర్డ్ దాదాపు అక్కడే ఉంటాడు. పైహద్దు ఎత్తేస్తే ఇది తిరగబడుతుంది. 5వ ఎడిషన్‌లో లెవెల్ పెరిగేకొద్దీ విజర్డ్ ఎలాగూ ముందుకు పోతాడు, అతన్ని మొదట్లోనే ఇంకా ముందుకు తోయడం నాకు ఇష్టం లేదు.

నేను చెప్పేది ఇది: పైహద్దు 15. "కొడితే తగలాలి" అనేదే మీ టేబుల్ అసలు కోరిక అయితే, ఒక్క స్కోర్‌కి మాత్రమే 16 అనుమతించండి. "ఒక్క" అనే మాట మర్చిపోవద్దు. అది చెప్పకపోతే 36 పాయింట్లతో 16, 16, 14, 13, 8, 8 తయారవుతుంది. ప్లస్‌లు పడ్డాక 18, 17. ఒకటే పని చేసే మెషిన్ అవుతుంది, మనిషి కాదు.

16 ఇస్తే వచ్చే ఇబ్బంది కూడా తెలిసి ఉండాలి. 16కి ప్లస్ 2 పడితే లెవెల్ 1లోనే 18. లెవెల్ 4లో స్కోర్ పెంచుకునే అవకాశం రాగానే 20, అంటే ఆటలో మామూలుగా ఉండే గరిష్ఠం. మామూలు క్యారెక్టర్ లెవెల్ 8కి చేరే చోటుకి ఇతను సగం దారిలోనే చేరిపోయాడు. 17, 18కి ధర పెట్టవద్దన్నది ఇందుకే. లెవెల్ 10, 12 దాకా సాగే క్యాంపెయిన్ అయితే ఎదగడానికి కాస్త చోటు మిగిల్చండి.

5. కిందిహద్దు పెట్టండి

36 పాయింట్లతో 15, 15, 15, 15, 8, 8 కూడా కొనొచ్చు. లెక్క సరిగ్గా సరిపోతుంది కూడా. ఎవరో ఒకరు తప్పకుండా కనిపెడతారు, వాళ్లని తిట్టకండి. రూల్ రాయండి: 10 కంటే తక్కువ స్కోర్ ఒకటికి మించి ఉండకూడదు.

అన్నీ 10 పైనే ఉండాలని పట్టుబట్టకండి. ఒక బలహీనత ఉంటేనే క్యారెక్టర్‌కి ముఖం వస్తుంది. పైగా చదువురాని ఫైటర్‌నో, బరువెత్తలేని విజర్డ్‌నో ఇష్టపడి ఆడేవాళ్లున్నారు, వాళ్ల సరదా పోగొట్టవద్దు.

లెక్కలంటే టెన్షన్ పడే ఆటగాళ్లు ఉంటే పాయింట్ బై వాళ్ల నెత్తిన పెట్టకుండా రెండు రెడీమేడ్ వరుసలు ఇచ్చేయండి. రెండూ 36 పాయింట్లే:

అన్నీ తెలిసినవాడు: 15, 15, 14, 13, 12, 10
ఒక పనిలో ఆరితేరినవాడు (ఒక్క 16 ఒప్పుకుంటేనే): 16, 15, 14, 12, 12, 8

6. అదనంగా ఇచ్చేది ఒక్కటే ఉండాలి

పాయింట్లు, ఉచిత ఫీట్ (అదనపు ప్రత్యేక సామర్థ్యం), లెవెల్ 3 నుంచి మొదలు, ఒక మాయా ఆయుధం. అన్నీ కలిపి ఇస్తే దేనివల్ల ఏం జరిగిందో మీకే అర్థం కాదు. పాయింట్లతో పాటు ఇంకొక్కటి ఎంచుకోండి.

ఫీట్ ఇస్తుంటే రెండు విషయాలు చూసుకోండి. 2024 రూల్స్‌లో బ్యాక్‌గ్రౌండ్‌తోనే ఒక ఒరిజిన్ ఫీట్ వస్తుంది, మీరు ఇంకోటి ఇస్తే రెండవుతాయి. 2014 రూల్స్‌లో వేరియంట్ హ్యూమన్‌కి ముందే ఒక ఫీట్ ఉంటుంది. అందరికీ ఉచితంగా ఇస్తున్నప్పుడు వేరియంట్ హ్యూమన్‌ని ఆ క్యాంపెయిన్‌కి పక్కన పెట్టేయడమే నయం. మామూలు హ్యూమన్‌కి ఆరు స్కోర్లకూ ప్లస్ 1 వస్తుంది. 15, 15, 13 లాంటి బేసి స్కోర్లున్న షీట్‌కి అది బంగారం.

బేసి, సరి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మాడిఫయర్ సరి అంకె దగ్గరే మారుతుంది. 14కీ 15కీ మాడిఫయర్ ఒకటే. అన్ని ప్లస్‌లూ వేశాక షీట్‌లో మూడు నాలుగు బేసి స్కోర్లు మిగిలాయంటే ఆ ఆటగాడు పాయింట్లు వృథా చేసుకున్నట్టే. అతనికి చెప్పి సర్దించండి. 13 మాత్రం మినహాయింపు, మల్టీక్లాస్‌కి (ఇంకో క్లాస్ కూడా కలుపుకోవడానికి) కనీసం 13 కావాలి కాబట్టి కావాలనే ఉంచుకోవచ్చు.

7. ముందు మీరే మూడు క్యారెక్టర్లు చేయండి

రూల్ గ్రూప్‌లో పెట్టే ముందు ఒక విజర్డ్, ఒక పాలడిన్ లేదా మాంక్, ఒక రోగ్ మీరే తయారు చేయండి. మంచి మనసుతో కాదు, రూల్‌లో కన్నం ఎక్కడుందో వెతికేవాడి మనసుతో చేయండి. ఒక్కో షీట్ దగ్గర ఈ మూడూ చూడండి:

అత్యధిక స్కోర్ అన్ని ప్లస్‌ల తర్వాత ఎంత? 18 దాటితే ఎక్కడో తప్పు జరిగింది. ఎక్కువసార్లు జరిగేది, రేస్ ప్లస్‌లు వేశాక మళ్లీ పాయింట్లతో కొనడం. పాయింట్లు ముందు, ప్లస్‌లు తర్వాత. ఈ వరస మారకూడదు.

లెవెల్ 1లో ఆర్మర్ క్లాస్ (దాడి తగలాలంటే రోల్ అందుకోవాల్సిన అంకె) ఎంత? పాయింట్ల వల్ల డెక్స్టెరిటీ పెరిగి లైట్ ఆర్మర్ వేసుకునేవాళ్లకి, మాంక్‌కి ఒకటి పెరగొచ్చు. మీడియం ఆర్మర్‌లో డెక్స్టెరిటీ ప్లస్ 2 వరకే లెక్కకొస్తుంది, హెవీ ఆర్మర్‌లో అసలు రాదు.

మూడు షీట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాన్ని మిగతా రెండూ మింగేస్తున్నాయా?

8. రెండు ఓగర్లతో పరీక్ష పెట్టండి

లెవెల్ 3 వాళ్లు నలుగురు, ఎదురుగా రెండు ఓగర్లు. 2014 లెక్కలో ఒక్కో ఓగర్ 450 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు). రెండు కలిపి 900, ఇద్దరు శత్రువులు కాబట్టి ఒకటిన్నరతో గుణిస్తే 1350. ఈ పార్టీకి హార్డ్ 900 దగ్గర మొదలవుతుంది, డెడ్లీ 1600 దగ్గర. కాబట్టి పుస్తకం ప్రకారం ఇది హార్డ్ ఫైట్. (2024 రూల్స్‌లో గుణించే పని లేదు.)

ఓగర్ ఆర్మర్ క్లాస్ 11, హిట్ పాయింట్లు 59, దాడికి ప్లస్ 6, దెబ్బ సగటున 13. నాలుగో షీట్‌గా ఏదైనా రెడీమేడ్ ఫైటర్‌ని తీసుకోండి, అందరి షీట్లనూ లెవెల్ 3కి తెచ్చుకోండి. మొదట 27 పాయింట్ల షీట్లతో, తర్వాత మీ కొత్త షీట్లతో ఇదే ఫైట్ ఆడండి. రెండుసార్లూ ఇవి రాసుకోండి: ఎన్ని రౌండ్లు పట్టింది, ఎవరైనా సున్నాకి పడ్డారా, మంత్రాల స్లాట్లు ఎన్ని ఖర్చయ్యాయి.

రెండు ఓగర్లవి కలిపి 118 హిట్ పాయింట్లు. మామూలు పార్టీకి నాలుగు రౌండ్లకు అటూ ఇటూ పడుతుంది. కొత్త పార్టీకి ఒక రౌండ్ తగ్గి, ఒకటి రెండు స్లాట్లు మిగిలితే లెక్క సరిగ్గా కుదిరినట్టు. రెండో రౌండ్‌లోనే అయిపోయిందంటే పాయింట్లు కాక ఇంకేదో ఎక్కువైంది, చాలాసార్లు అది ఉచిత ఫీటే. తేడా ఏమీ కనిపించకపోయినా కంగారు పడకండి. 15 పైహద్దుతో ఫైట్‌లో తేడా తక్కువే ఉంటుంది, అసలు తేడా మాటల దగ్గర, గోడలెక్కే దగ్గర, సేవింగ్ త్రోల దగ్గర బయటపడుతుంది.

ఒకే ఫైట్‌లో పాచికలు మోసం చేయొచ్చు. ఓపిక ఉంటే రెండుసార్లు ఆడండి.

9. శత్రువులను సర్దండి, కానీ ఆర్మర్ క్లాస్ ముట్టుకోకండి

హీరోలు గట్టిపడ్డారు కదా అని ప్రతి శత్రువు ఆర్మర్ క్లాస్ రెండు పెంచేవాళ్లను చాలామందిని చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. దాడికి ప్లస్ 5 ఉన్నవాడు ఆర్మర్ క్లాస్ 15 ఉన్న గాబ్లిన్‌ని 55 శాతం కొడతాడు. మీరు 16 ఇచ్చి ప్లస్ 6 చేస్తే 60 శాతం. ఇప్పుడు గాబ్లిన్‌ని 17 చేశారంటే 50 శాతానికి పడిపోయాడు. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో అంతకంటే ఎక్కువ లాక్కున్నారు. ఆటగాడు లెక్క వేయకపోయినా వరుసగా మిస్ అవుతుంటే అతనికి అర్థమైపోతుంది.

దాని బదులు ఫైట్‌ని కొలిచేటప్పుడు పార్టీని ఒక లెవెల్ ఎక్కువగా లెక్కవేయండి. లెవెల్ 3 వాళ్లకు లెవెల్ 4 అంకెలు వాడండి. శత్రువుల సంఖ్య పెంచండి, లేదా రెండో రౌండ్‌లో ఇంకో గుంపుని దింపండి. ఒక్కడే పెద్ద శత్రువు అయితే హిట్ పాయింట్లు పెంచండి. ఓగర్‌వి ఏడు డీ10, దానికి 21 కలిపి. అన్నీ పదులే పడ్డాయనుకుంటే 91.

ఆదివారం నాలుగింటికి అనుకున్న ఆట, అందరూ సిల్క్ బోర్డ్ దాటి వచ్చేసరికి ఐదవుతుంది. ఎనిమిదిన్నరకి ఒకరికి ఆఫీస్ కాల్ ఉంటుంది. మూడున్నర గంటల్లో పెద్ద గుంపులతో రెండు ఫైట్లు పెడితే కథకి చోటే ఉండదు. సెషన్‌కి ఒక పెద్ద ఫైట్ పెట్టండి, అందులో గెలవడంతో పాటు ఇంకో పని కూడా ఉంచండి: మంటల్లోంచి ఊరివాళ్లని బయటికి తేవడమో, గంట మోగకుండా ఆపడమో. బలమైన హీరోలు ఒకేసారి రెండు చోట్ల ఉండలేరు, వాళ్లని ఆలోచనలో పడేసేది అదే.

ఇప్పటికే నడుస్తున్న క్యాంపెయిన్‌లో మార్చాలంటే

మధ్యలో 27 నుంచి 36కి వెళ్లొచ్చు. కానీ ఇప్పుడున్న స్కోర్ మీద నేరుగా 9 పాయింట్లు వేయకూడదు. ముందు రేస్ లేదా బ్యాక్‌గ్రౌండ్ ప్లస్‌లు, లెవెల్ 4లో వచ్చినవి అన్నీ తీసేసి మొదటి రోజు కొన్న స్కోర్లకు వెళ్లండి. అక్కడ 9 పాయింట్లు ఖర్చు పెట్టించి, తీసినవన్నీ మళ్లీ కలపండి. కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్ పెరిగితే హిట్ పాయింట్లు లెవెల్‌కి ఒకటి చొప్పున పెరుగుతాయి, లెవెల్ 5 వాడికి ఒకేసారి 5. ఇది చాలామంది షీట్‌లో రాయడం మర్చిపోతారు.

ఈ పెరుగుదలకి కథలో ఒక కారణం చూపించండి. దేవత వరమో, పాడుబడ్డ గుడిలో తాగిన నీళ్లో, ఏదైనా సరే.

మూడు సెషన్ల తర్వాత చూడాల్సినవి

ఎవరైనా ఒకరు మాట్లాడడం తగ్గించారా? అంకెలకంటే ముందు ఇది చూడండి. పక్కవాడి క్యారెక్టర్ తన పని కూడా చేసేస్తోందన్న బాధ బయటికి చెప్పరు, చిప్స్ ప్యాకెట్ వైపు జరుగుతారు. అలా కనిపిస్తే అందరి పాయింట్లూ కోయకండి. అతని క్యారెక్టర్ మాత్రమే చేయగల పని ఒకటి వచ్చే సెషన్‌లో పెట్టండి.

పార్టీ రెస్ట్ తీసుకోకుండా ఎన్ని ఫైట్లు దాటుతోంది? మామూలుగా రెండు దాటేవాళ్లు ఇప్పుడు మూడు దాటుతుంటే అంతా సవ్యంగానే ఉంది.

ఆటగాళ్లు పాచికలు వేయక ముందే "అది ఎలాగూ అవుతుంది అన్నా" అంటున్నారా? అయితే వాళ్లు వేస్తున్న రోల్స్ మరీ తేలిగ్గా ఉన్నాయి. అలాంటివాటికి రోల్ అడగడం మానేయండి, కావాల్సింది చేసేయనివ్వండి. కష్టమైన వాటికే పాచికలు అడగండి.

వేరే ఆటలు ఆడేవాళ్లకు

పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లో 10, 15, 20, 25 అనే నాలుగు మెట్లు పుస్తకంలోనే ఉన్నాయి. అక్కడ లెక్క 8 నుంచి కాకుండా 10 నుంచి మొదలవుతుంది, 10 కంటే తగ్గిస్తే పాయింట్లు వెనక్కి వస్తాయి. అందుకే డీ అండ్ డీ అంకెల్ని అక్కడికి నేరుగా తీసుకెళ్లకండి. 27 పాయింట్ల స్టాండర్డ్ అరే అక్కడి ధరల్లో 15. పైన చెప్పిన 32 వరుస అక్కడ సరిగ్గా 20. 15, 15, 14, 13, 12, 10 అక్కడ 24. అంటే బలమైన క్యాంపెయిన్‌కి అక్కడ 25 తీసుకుంటే మన 36కి దగ్గరగా ఉంటుంది.

గర్ప్స్ 4వ ఎడిషన్‌లో సంగతి ఇంకోలా ఉంటుంది. స్ట్రెంగ్త్, హెల్త్ ఒక్కో మెట్టుకి 10 పాయింట్లు, డెక్స్టెరిటీ, ఐక్యూ 20. 150 బదులు 250 ఇవ్వడం పెద్ద విషయం కాదు, జాగ్రత్త రెండు చోట్ల కావాలి. డిసడ్వాంటేజీలను (పాయింట్లు తెచ్చిపెట్టే లోపాలు) మొదటి పాయింట్లలో సగం దాకా తీసుకోనివ్వడం అక్కడ అలవాటు. 250లో సగం 125, అంత బరువు మోసే క్యారెక్టర్‌ని ఎవరూ గుర్తు పెట్టుకుని ఆడలేరు. ఆ హద్దును 75 దగ్గరే ఆపండి. రెండోది ఆయుధ నైపుణ్యం. ప్యారీ (ఆయుధంతో దెబ్బను ఆపడం) అంకె అంటే నైపుణ్యంలో సగానికి 3 కలపడం. నైపుణ్యం 14 అయితే ప్యారీ 10, సగంసార్లు ఆపుతాడు. నైపుణ్యం 20 అయితే ప్యారీ 13, నూటికి 84 సార్లు ఆపుతాడు. ఇద్దరు అలాంటివాళ్లు ఎదురెదురుగా నిలబడితే ఫైట్ తెగదు. నైపుణ్యానికి 16 దగ్గర పైహద్దు పెట్టి, మిగిలిన పాయింట్లు వేరే విద్యల మీద ఖర్చు పెట్టించండి.

గ్రూప్‌లో పెట్టడానికి మెసేజ్

అన్నీ తేలాక సెషన్ జీరోకి (ఆట మొదలయ్యే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే రోజు) వారం ముందే వాట్సాప్‌లో ఇలా పెట్టేయండి, మీ అంకెలు మార్చుకుని:

"కొత్త క్యాంపెయిన్‌కి పాయింట్ బై 36. ధరలు పుస్తకంలోవే. పైహద్దు 15, ప్లస్‌లు ఆ తర్వాత. 10 కంటే తక్కువ స్కోర్ ఒకటికి మించి ఉండకూడదు. అందరికీ లెవెల్ 1లో ఒక ఉచిత ఫీట్, వేరియంట్ హ్యూమన్ లేదు. లెక్కలు వద్దనుకునేవాళ్లు 15, 15, 14, 13, 12, 10 మీకు నచ్చినట్టు పంచుకోండి. శనివారం రాత్రిలోపు షీట్ ఫోటో నాకు పంపండి. ఏదైనా తేడా ఉంటే ఆదివారం టేబుల్ దగ్గర కాకుండా ముందే ఫోన్‌లో మాట్లాడుకుందాం."

మధ్యలో కొత్తగా చేరేవాళ్లకూ ఇదే మెసేజ్ పంపండి. పాతవాళ్లకు ఒక లెక్క, కొత్తవాళ్లకు ఇంకో లెక్క పెట్టవద్దు.